గొడుగు ఒరిగిన వరాహం

ముగ్గులు బాగా వేస్తానని పేరు రావడమే నా కొంప ముంచింది. పెళ్ళయి రాజమండ్రి వచ్చిన కొత్తలో, మా వెండి కొట్టు ముందు నేను వేసిన ముగ్గు చూసి మా మావయ్యగారు "మా కోడలి చేతిలో గీత ఉందండోయ్" అని బజారంతా చెప్పుకున్నారు. అప్పటినుంచీ వెండి పళ్ళేల అంచులకి డిజైన్లు, కుంకుమ భరిణెల మీద లతలు, అన్నీ నా చేతే గీయించేవారు. జీతం లేదు, పొగడ్తే జీతం. నేనూ ఉబ్బిపోయి గీసేదాన్ని. ఎనిమిదేళ్ళు గడిచాక, తొంభైల మధ్యలో ఒకరోజు, ఆ గీతే మా ఇంటి పరువుని బజారులో పెట్టినంత పని చేసింది.

నా బీరువాలో ఇప్పటికీ ఒక వెండి నాణెం ఉంది. మధ్యలో వరాహం, దాని మీద గొడుగు, చుట్టూ పాతకాలపు తెలుగక్షరాలు. తూర్పు చాళుక్యుల నాటి అరుదైన బంగారు నాణెం ఒకటి మా వైపు దొరికిందని, దాని గౌరవార్థం మా ఊరి నాణేల సంఘం వాళ్ళు కొట్టించిన నూటపదహారు వెండి నాణేల్లో ఇదొకటి. దీని అచ్చు చెక్కింది మా మావయ్యగారే, ఉలి పక్కన పెట్టేసిన పదిహేనేళ్ళకి. చూసినవాళ్ళందరూ వరాహాన్ని మెచ్చుకుంటారు. నేను మాత్రం గొడుగునే చూస్తాను. అది అలా నిటారుగా నిలబడడానికి ఎంత జరిగిందో నాకు తెలుసు గనక.

అసలు నాణేన్ని కనిపెట్టింది రిటైరైన హిస్టరీ మాష్టారు ఒకాయన. నాణేల సంఘానికి ఆయనే పెద్ద. నిడదవోలులో ఒక రైతు కుటుంబం వాళ్ళ పూజగదిలో వరాహస్వామి అని పూజలందుకుంటున్న బిళ్ళని చూసి, అది వెయ్యేళ్ళ నాటి నాణెమని పోల్చుకుని, సంతోషం పట్టలేక మా కొట్టుకి పరిగెత్తుకొచ్చారు. వెండిలో దాని నమూనాలు చేసిపెట్టమన్నారు. మా ఆయన వెంటనే సరేనని ఆర్డరు రాసుకున్నాడు. మావయ్యగారు మాత్రం "ఎందుకొచ్చిన గోలరా, వేరే కొట్టు వాళ్ళు చూసుకుంటారులే" అన్నారు. పావలా బేరాన్ని కూడా వదులుకోని మనిషి అలా అనడం నాకు వింతగానే తోచింది. వయసు మీద పడుతోంది, చాకిరీకి జడుస్తున్నారు కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే తెలివి నాకెక్కడిది!

మా ఆయన సరుకు కోసం మద్రాసు వెళ్ళాడు. బొమ్మ గీయడానికి అసలు నాణేన్ని తెచ్చే పని నా నెత్తిన పడింది. మాష్టారూ నేనూ పొద్దున్న పాసింజరెక్కి గోదావరి దాటి నిడదవోలులో దిగాం. స్టేషన్ నుంచి రిక్షాలో పావుగంట.

ఆ ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. భర్త పోయి పదేళ్ళు. పిల్లల్లేరు. పొలం కౌలుకిచ్చేసి, ఆ ఇంటినీ, ఆ పూజగదినీ కనిపెట్టుకుని ఉంటోంది. మనిషి సన్నగా, నిలువుగా, మాట తక్కువగా ఉంది. నేను మామ్మగారూ అని పిలిస్తే తల ఊపింది. మేం వెళ్ళేసరికి పూజారిగారు వచ్చి ఉన్నారు. పీట మీదున్న నాణేన్ని ఆయనే తీసి ఇత్తడి భరిణెలో పెట్టారు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఆ భరిణెని నా చేతికిచ్చింది. మడి కాబోలు అనుకున్నాను.

"ముప్పై ఏళ్ళ కిందట అంచు చిట్లితే బాగు చేయించడానికి ఒక్కసారి గడప దాటాడమ్మా స్వామి. మళ్ళీ ఇవాళే. సందె దీపం వేళకి పీట మీద ఉండాలి. నువ్వే తీసుకురా, ఇంకెవరి చేతా పంపకు" అంది.

"తప్పకుండా తెస్తానండి. అంత బెంగైతే ఎందుకు ఒప్పుకున్నారు మామ్మగారూ?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "ఈయన బొమ్మ వందిళ్ళకి వెళ్తుందన్నారు మాష్టారు. నా ఇంట్లో ఉండడం ఇష్టం లేకపోయినా, ఏదో ఒక ఇంట్లోనైనా ఉంటాడేమోనని."

మాష్టారు పాతకాలపు మనుషుల భక్తి అలాగే ఉంటుందన్నట్టు నాకేసి నవ్వారు. నాకు మాత్రం ఆ మాట చెప్పులో రాయిలా దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

పదకొండింటికి కొట్టుకి చేరాం. నాణెం తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పాత రూపాయి బిళ్ళకన్నా వెడల్పు, మంచి మందం. గంధం, కుంకుమ ఏళ్ళ తరబడి పట్టుగా పట్టి ఎర్రమట్టి బిళ్ళలా ఉంది. పైకి తేలిన చోట్ల మాత్రం పచ్చగా మెరుస్తోంది. అంతా బాగానే ఉంది గానీ, చేతికి ఏదో తేడాగా తోచింది. ఎనిమిదేళ్ళు వెండి కొట్టులో కూర్చున్న చెయ్యి అది. ఇంత బిళ్ళ బంగారమైతే అరచేతిని కిందకి నొక్కాలి. ఇది నొక్కడం లేదు.

మాష్టారికి ఆ తేడా తెలియదు. ఆయన పుస్తకాల్లో బొమ్మలు చూసిన మనిషే గానీ బంగారం తూచిన మనిషి కాదు. ఇలాంటిదే ఎక్కడో మ్యూజియంలో ఉన్న మరో నాణెం జిరాక్సు తెచ్చి పక్కన పెట్టుకుని భూతద్దంతో చూస్తూ గంతులేశారు.

"చూశావా అమ్మా! అందులో గొడుగు నిటారుగా ఉంది. ఇందులో కుడివైపుకి ఒరిగింది! అంటే ఇది వేరే అచ్చు. అరుదైన దాంట్లో ఇంకా అరుదైనది! నువ్వు మాత్రం ఆ ఒంపు పోకుండా గీయాలి సుమా. సాయంత్రం నాకు సంఘం మీటింగుంది, జాగ్రత్తగా అప్పజెప్పేసిరా" అని చెప్పి సంబరంగా వెళ్ళిపోయారు.

గంధం పట్టు కింద అక్షరాలు కనబడడం లేదు. కుంకుడుకాయ నురగ చేసి, పాత మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచాను. ఒక్కో అక్షరమే తేలుతోంది. తరవాత అంచు తుడిచాను. గుడ్డ తీసి చూశాను. అంచు మీద గోరంత మేర పచ్చదనం లేచిపోయి ఉంది. దాని కింద తెల్లగా వెండి.

వెండి మీద బంగారు నీళ్ళు పూశారు, పైన పట్టిన గంధం దాన్ని ఇన్నాళ్ళూ దాచింది. ఎవరో చాలా నేర్పుగా చేసిన పని.

మొదట నాకొచ్చింది భయం. ఇప్పుడు ఈ తెల్లంచు చూపిస్తే ఆవిడ ఏమనుకుంటుంది? పొద్దున్న బంగారం పంపాను, సాయంత్రం వెండి తెచ్చింది, ఈ కొట్టు వాళ్ళే మార్చేశారు అనదూ? ఎవరు కాదనగలరు? పొద్దున్నుంచీ అది ఉన్నది మా చేతుల్లోనే. రాజమండ్రిలో జనం మా కొట్టులో వెండి చెంబులు రసీదు కూడా అడక్కుండా వదిలి వెళ్తారు. ఆ నమ్మకం ఇవాళ సాయంత్రంతో సరి. నాణెం గుడ్డలో చుట్టుకుని గద్దె దగ్గరకి పరిగెత్తాను.

"మావయ్యగారండీ, కొంప మునిగింది. ఇది బంగారం కాదు."

ఆయన చిల్లర సర్దుకుంటున్నారు. తల ఎత్తలేదు. "నువ్వు బొమ్మ గీయడం వరకు చూడమ్మా" అన్నారు.

"బొమ్మ సంగతి సరేనండీ, రేపు మనల్ని దొంగలంటే? ఇదిగో, ఇక్కడ చూడండి, వెండి బయటపడింది."

"కాస్త నీళ్ళు పూసి ఇచ్చేద్దాం. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి లేని అనుమానం నీకెందుకు?"

నేను నాణేన్నీ, ఆయన్నీ మార్చి మార్చి చూశాను.

"ముప్పై ఏళ్ళని మీకెవరు చెప్పారండీ? నేను చెప్పలేదే."

మావయ్యగారి చేతిలో చిల్లర అలాగే ఉండిపోయింది. అప్పుడే ఒక జంట, చంటిపిల్లని ఎత్తుకుని, మువ్వల పట్టీలు కావాలంటూ మెట్లెక్కారు. ఆయన లేచి, నవ్వు తెచ్చుకుని, రండి రండి అన్నారు. పట్టీలు తీసి త్రాసులో వేశారు. త్రాసు నిలబడదే! ఆయన చేతి వణుకుకి తట్టలు రెండూ ఊగుతూనే ఉన్నాయి. ఆ పిల్ల తండ్రి "ఏంటండీ షావుకారుగారూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. నేను వెళ్ళి త్రాసు అందుకుని తూచి ఇచ్చాను. వాళ్ళు బేరమాడినంత సేపూ నా కళ్ళు గోడ గడియారం మీదే. వాళ్ళు మెట్లు దిగేసరికి రెండున్నర. నాలుగుంపావుకి పాసింజరు. చలికాలం, ఆరు కాకముందే చీకటి పడుతుంది.

కొట్టు తలుపు సగం దించేశాను. నా జన్మలో మావయ్యగారి ఎదుట అలా నిలబడింది అదే మొదటిసారి.

"ఆవిడ మొగుడే తెచ్చాడు" అన్నారాయన, గోడకేసి చూస్తూ. "కిందపడి అంచు చిట్లిందన్నాడు. నాలుగు రోజుల్లో ఇస్తానన్నాను. రాత్రీ పగలూ కూర్చుని ఇంకోటి చేశాను. ఇచ్చేశాను. ఆయన చూసుకోనుకూడా లేదు."

"ఎందుకండీ? అప్పటికే కొట్టు బాగా నడుస్తోందిగా! తిండికి లేకనా?"

"బంగారం కోసం కాదమ్మాయ్. అలాంటి పని నా జన్మలో చూడలేదు. అది నా దగ్గర ఉండాలనిపించింది. అంతే. ఆశ."

"బాగుందండీ! నచ్చింది గనక ఉంచేసుకున్నారన్నమాట. రేపు నాకు ఎదురింటావిడ వడ్డాణం నచ్చుతుంది, తెచ్చేసుకోనా?"

ఆయన మొహం మాడిపోయింది. ఆ మాట అన్నందుకు నేనేమీ బాధపడలేదు, ఇప్పటికీ పడను. ఎనిమిదేళ్ళు ఈ మనిషికి దేవుడికిచ్చినంత మర్యాద ఇచ్చాను. పొద్దున్నే విభూతి పెట్టుకుని గద్దెకి దణ్ణం పెడితేగాని బేరం మొదలుపెట్టని మనిషి.

"అసలుదేదండీ?"

ఆయన చిల్లర మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"కరిగించేశారా?"

"మూడుసార్లు కుంపటి రాజేశాను. మూసలో కూడా వేశాను. చేతులు రాలేదు."

"అయితే ఇటివ్వండి."

"పిచ్చిదానా, ఇప్పుడది ఇస్తే ఇన్నాళ్ళూ ఎక్కడుందంటారు? ఆ వెండిదే ఇచ్చిరా. ఆవిడకి తెలీదు, మాష్టారికి తెలీదు, ఎవరికీ తెలీదు. రేపు నేను పోతే ఈ కొట్టు పేరు నీ పిల్లలదేగా. దాన్ని నీ చేత్తో నువ్వే పాడు చేస్తావా?"

అక్కడే నేను కాసేపు ఆగిపోయాను. అబద్ధమాడను. నా పిల్లలిద్దరూ కళ్ళముందు మెదిలారు. ఆయన చెప్పినట్టు చేస్తే ఏ గొడవా లేదు. ఆవిడ ఎప్పటిలాగే దీపం పెట్టుకుంటుంది. నేను ఇంటికొచ్చి వంట చేసుకుంటాను. గడియారం మూడు కొట్టింది. పొద్దున్న ఆవిడ అన్న మాట మళ్ళీ గుచ్చుకుంది: నా ఇంట్లో ఉండడం ఇష్టం లేకపోయినా. ఎందుకలా అంది ఆవిడ?

"వెండిది నేను ముట్టుకోనండీ" అన్నాను. "ఖాళీ భరిణె తీసుకెళ్తాను. ఇదేంటి ఖాళీగా ఉందంటే జరిగింది జరిగినట్టు చెప్తాను. మీ ఇష్టం."

భరిణె మూత పెట్టి సంచీలో వేసుకుని గడప దాకా వెళ్ళాను. వెనకనుంచి "ఆగు" అన్నారు. గద్దె పక్కన ఆయన పాత త్రాసు పెట్టె ఒకటుండేది. కొత్త త్రాసు వచ్చి ఎన్నేళ్ళయినా ఆ పెట్టెని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తాత గుర్తు కాబోలని మేమూ ఊరుకునేవాళ్ళం. దాన్ని తెరిచి, అడుగున పరిచిన ఎర్ర మఖమల్ గుడ్డ ఎత్తి, ఒక చిన్న పొట్లం తీశారు.

నా అరచేతిలో పెట్టగానే చెయ్యి కిందకి దిగింది. అదీ బరువంటే! పసుపు ముద్దలాంటి నిండు రంగు. వరాహం రోమాలు కూడా లెక్కపెట్టొచ్చు. అంచు మీద చిట్లిన చోట సన్నటి అతుకు. గొడుగు నిటారుగా, బాణంలా ఉంది.

"వెండిది చెయ్యడానికి తొందరపడ్డాను" అన్నారాయన గొణుగుతూ. "గొడుగు దగ్గర ఉలి జారింది."

పాపం, మాష్టారి అరుదైన అచ్చు! వేరే రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

"నా పేరు మాత్రం చెప్పకమ్మా" అన్నారు మావయ్యగారు. "స్వామి స్వామి దగ్గరికి చేరాడు, అంతేగా. నీకు దణ్ణం పెడతాను." ఆయన నిజంగానే చేతులు జోడించారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నాకు. సరేనన్నాను. రైలు వేళైపోతోంది, ఇంకేమనను?

పాసింజరు కదలడమే అరగంట ఆలస్యంగా కదిలింది. అది చాలనట్టు బ్రిడ్జి మీద సగం దూరం వెళ్ళి ఆగింది. సిగ్నల్ లేదట. కింద గోదావరి, పడమట ఎర్రబడిపోతున్న సూర్యుడు. పెట్టెలో వాళ్ళు కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు నీళ్ళలోకి విసిరి దణ్ణాలు పెట్టుకుంటున్నారు. నేను మాత్రం సంచీని పొట్టకేసి అదుముకుని, కదలవే తల్లీ కదలవే అని రైలుని బతిమాలుతున్నాను. పక్కనున్నావిడ "ఏంటమ్మా, పురిటి మనిషెవరైనా ఉన్నారా?" అని అడిగింది. అవునన్నాను. ఏదో ఒకటి చెప్పకపోతే వదిలేలా లేదు.

నిడదవోలు స్టేషన్లో దిగేసరికి మసక పడింది. రిక్షా అతన్ని తొక్కు తొక్కు అని చంపుకు తిన్నాను. ఆవిడ ఇంటి వాకిట్లోనే నిలబడి ఉంది. పూజగది తలుపు తెరిచి ఉంది, కుందిలో నూనె పోసి ఉంది, వత్తి వేసి ఉంది, వెలిగించలేదు. పూజారిగారు ఇంకా రాలేదు.

"వచ్చేవా" అంది. అంతే అంది గానీ ఊపిరి వదలడం నాకు వినబడింది.

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆవిడ కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుంది. భరిణె తెరిచి నాణేన్ని ఆ కొంగులో వేశాను.

కొంగు కిందకి దిగింది.

ఆవిడ కొంగుని కాస్త పైకెత్తింది. మళ్ళీ దించింది. మళ్ళీ ఎత్తింది. చిన్నగా, నాకు వినిపించీ వినిపించకుండా, "బరువొచ్చాడు" అంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. మనిషి అలాగే గోడకానుకుని నేలమీద కూలబడిపోయింది.

"తిరిగొచ్చాడమ్మా. ముప్పై ఏళ్ళకి క్షమించాడు."

"ఏంటి మామ్మగారూ, ఎవర్ని క్షమించాడు?"

ఆవిడ నాకు చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని, భర్తకి కూడా చెప్పలేదని అంది. ముప్పై ఏళ్ళ కిందట ఒకరోజు, ఆవిడ బయట చేరి మూడో రోజు, ఇంట్లో వాళ్ళందరూ పెళ్ళికెళ్ళారు. సందె దీపం వేళ దాటిపోతోందన్న తొందరలో, తలంటుకోకుండానే పూజగదిలోకి వెళ్ళి స్వామిని ముట్టుకుంది. భయంతో చెయ్యి వణికి నాణెం జారి కిందపడింది. అంచు చిట్లింది. పిల్లి పడేసిందని చెప్పింది ఇంట్లో. భర్త తీసుకెళ్ళి బాగు చేయించి తెచ్చాడు. తరవాత మొదటిసారి చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది.

"ముందురోజుల్లో చేతికి బరువు తెలిసేది. ఇప్పుడు పెంకులా ఉంది. వెళ్ళిపోయాడనుకున్నాను. నా మైల చెయ్యి తగిలి ఈ బిళ్ళలోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ చేత్తో ముట్టుకోలేదమ్మా ఈనాటి వరకూ. శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నాను. ఆ తరవాత కడుపున పడ్డవి రెండూ నిలవలేదు. అదీ అందుకే అనుకున్నాను."

"షావుకారుని అడగలేకపోయారా అండీ, తేలిగ్గా ఉందేంటని?" అన్నాను.

"ఎలా అడుగుతాను? ఎలా కిందపడిందో చెప్పాలిగా. అయినా ఆయన పూజలూ వ్రతాలూ చేసుకునే మనిషట. ఆయన్ని అనుమానిస్తే ఇంకో పాపం."

దీపం ఇంకా వెలగలేదు. గదిలో చీకటి పడుతోంది. నాకు మావయ్యగారి జోడించిన చేతులు కళ్ళకి కడుతున్నాయి. మాటిచ్చాను కూడా. నోరు మూసుకుంటే ఆవిడ ఇవాళ సంతోషంగానే పడుకుంటుంది, దేవుడు క్షమించాడనుకుంటూ. కానీ తప్పు చేశానన్నది మాత్రం చచ్చేదాకా అలాగే ఉండిపోతుంది. పోయిన పిల్లల్ని తనే చంపుకున్నానన్నది కూడా. ఉండనివ్వనా? నావల్ల కాలేదు.

"మామ్మగారూ, స్వామి ఎక్కడికీ వెళ్ళలేదండీ. మా కొట్టులో ఉన్నాడు. మీరు ముప్పై ఏళ్ళు పూజ చేసింది వెండి బిళ్ళకి. మార్చేసింది మా మావయ్యగారు. మీ చెయ్యి ఏ పాపమూ చెయ్యలేదు. పాపం మా ఇంటిది."

ఒక్కసారిగా అన్నీ కక్కేశాను. చెప్పి ఆవిడ కాళ్ళ మీద చెయ్యి వేశాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తిట్టనూ లేదు. చాలాసేపు తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తరవాత కొంగులోంచి నాణేన్ని, కొంగు అడ్డం లేకుండా, వట్టి చేత్తో తీసుకుంది. లేచి వెళ్ళి పీట మీద పెట్టింది. అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది.

"ఆ వెండిదేదీ?" అంది, నాకేసి తిరగకుండా.

"కొట్టులోనే ఉందండి."

"కరిగించనివ్వకు. ముప్పై ఏళ్ళు దాని ముందే ఏడ్చాను. మీ మావయ్యగారిని తెమ్మను. ఆయన చేత్తో ఆయన్నే తెమ్మను."

ఇంటికెళ్ళి మాట తప్పానని చెప్పాను. మావయ్యగారు కేకలేస్తారనుకున్నాను. ఆయన అన్నం మానేసి గద్దె మీద అలాగే కూర్చున్నారు. శుక్రవారం పొద్దున్న నేను అడక్కుండానే ఉతికిన పంచె కట్టుకుని, వెండి నాణెం జేబులో వేసుకుని, స్టేషన్‌కి బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను.

ఆవిడ మమ్మల్ని వరండాలో కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. నాణేన్ని రెండు చేతులతో అందించారు. ఆవిడ వట్టి అరచెయ్యి చాపి తీసుకుని, వెలుతురుకి పట్టుకుని, గొడుగు మీద బొటనవేలు ఆనించింది.

"ఇక్కడ ఒరిగింది షావుకారుగారూ" అంది. గొంతులో కోపం కూడా లేదు. "అదీ నా వల్లే ఒరిగిందనుకున్నాను."